వెనకాల ఉన్నదాన్ని బ్లర్ చేయకండి

ఆగస్టు 9 వచ్చిందంటే మన ఫోన్లు నిండిపోతాయి. గుస్సాడీ, ధింసా, కొమ్ముకోయ, డోళ్ళు, నెమలి ఈకల టోపీలు. మనవాళ్ళు పెట్టిన ఫోటోలుంటాయి, ఆఫీసర్లు పెట్టినవి ఉంటాయి, టూరిజం వాళ్ళు పెట్టినవీ ఉంటాయి. వాటిలో తప్పేం లేదు. మన ఆట, మన పండగ, గర్వంగానే పెట్టుకుంటాం.

మరి ఆగస్టు 10న ఆ టోపీ తీసేసిన మనిషి ఎక్కడున్నాడు? పత్తి చేలో కలుపు తీస్తున్నాడు. ఐటీడీఏ ఆఫీసు వరండాలో కాగితం పట్టుకుని కూర్చున్నాడు. వానకి కారుతున్న ఇంటికప్పు సర్దుకుంటున్నాడు. ఆ మనిషి ఫోటో మనలో ఎంతమంది దగ్గరుంది?

మనల్ని చూసేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. చూసినవాళ్ళకి మనం కనబడింది మాత్రం తక్కువ. ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరం గురించే ఈ మాటలు.

ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ అని ఒకటుంటుంది. నొక్కితే ముఖం బాగా తేలుతుంది, వెనకాల ఉన్నదంతా మసకైపోతుంది. చూడ్డానికి సినిమా పోస్టర్‌లా ఉంటుంది, లైకులూ బాగానే వస్తాయి. అయితే మసకైపోయింది ఏంటో ఒక్కసారి చూడండి. గుట్ట మసకైంది. పోడు చేను మసకైంది. తాత కట్టిన ఇల్లు, వాకిట్లో ఎండబోసిన ఇప్పపువ్వు, ఊరి దేవర ఉన్న చెట్టు, అన్నీ మసకైపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం దేనికోసం ప్రాణం పెట్టాడో, ఇవాళ్టికీ మనం దేనికోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నామో, సరిగ్గా దాన్నే ఆ బటన్ తుడిచేస్తోంది.

ఫోటోగ్రఫీలో దీనికి ఎదురు దారి ఒకటుంది. దాన్ని ఎన్విరాన్‌మెంటల్ పోర్ట్రెయిట్ అంటారు. మనిషిని స్టూడియోకి పిలిచి తెర ముందు నిలబెట్టకుండా, ఆ మనిషి బతికే చోట, పని చేసే చోట, తన వస్తువుల మధ్య తీసే ఫోటో. అందులో చోటు అలంకారం కాదు, ఆ మనిషి గురించి సగం మాట అదే చెబుతుంది. ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్. 1946లో ఆయన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీని తీశాడు. ఫ్రేమంతా పియానో నల్ల మూతే ఉంటుంది, మనిషి ఒక మూలన కొంచెమే కనబడతాడు. ఐనా ఆయన ఎవరో అర్థమైపోతుంది.

న్యూమన్ తీసిన ఇంకో ఫోటో మనకి ఎక్కువ పనికొస్తుంది. 1963లో జర్మన్ పారిశ్రామికవేత్త ఆల్ఫ్రీడ్ క్రుప్‌ని ఆయన ఫ్యాక్టరీలోనే కూర్చోబెట్టి తీశాడు. హిట్లర్ కాలంలో క్రుప్ ఫ్యాక్టరీల్లో బందీల చేత వెట్టిచాకిరీ చేయించారు, యుద్ధం అయ్యాక ఆ నేరానికి అతనికి శిక్ష కూడా పడింది. న్యూమన్ యూదుడు. క్రుప్ ముఖానికి రెండు పక్కల నుంచి లైటు పెట్టి, వెనక ఫ్యాక్టరీ కనబడేట్టు తీసిన ఆ ఫోటో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అంటే చోటు మనిషిని పొగడ్డానికే కాదు, నిలదీయడానికీ ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేశారో చోటుకి తెలుసు.

మరి మన చోటుతో కలిపి మనల్ని ఎవరు తీశారు? కొంచెం వెనక్కి వెళ్దాం.

1857 తిరుగుబాటు అయ్యాక ఇంగ్లీషు ప్రభుత్వానికి ఈ దేశంలో ఎవరెవరున్నారో లెక్క రాసుకోవాలనిపించింది. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు వేశారు. 400కు పైగా ఫోటోలు. కులం పేరు, తెగ పేరు, వాళ్ళు ఎలాంటి మనుషులో రెండు మాటల్లో తీర్పు. తెగ అంటే ఒక నమూనా, ఫోటోలో ఉన్న మనిషి ఆ నమూనాకి ఒక ముక్క. ఎవరు నమ్మకస్తులు, ఎవరు ప్రమాదకరం అని పాలించేవాళ్ళు తెలుసుకోడానికి పనికొచ్చే పుస్తకం అది.

అండమాన్‌లో ఇంకా ఘోరం. 1890ల్లో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే ఆఫీసర్ అక్కడి ఆదివాసుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి, వెనకాల నలుపు తెలుపు గళ్ళ తెర కట్టి ఫోటోలు తీశాడు. గళ్ళెందుకంటే శరీరం కొలతలు తీసుకోడానికి. సముద్రం లేదు, అడవి లేదు, గుడిసె లేదు, మనిషి వెనక గళ్ళు మాత్రమే. చోటుని తీసేస్తే మనిషి వస్తువైపోతాడనడానికి దీనికంటే సాక్ష్యం అక్కర్లేదు.

చోటుని ఉంచి కూడా మోసం చేయొచ్చు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అక్కడి మూలవాసుల మీద 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలు తెచ్చాడు. ఫోటోలు చాలా అందంగా ఉంటాయి. ఒక ఫోటోలో పీగన్ తెగకి చెందిన ఇద్దరు తమ గుడారంలో కూర్చుని ఉంటారు, మధ్యలో ఒక గడియారం ఉంది. పుస్తకంలో వేసేటప్పుడు ఆ గడియారాన్ని చెరిపేశాడు. ఎందుకంటే ఆయనకి కావలసిన 'ఇండియన్' దగ్గర గడియారం ఉండకూడదు. అంతరించిపోతున్న జాతిలా కనబడాలి. ఇవాళ మన గూడేల్లోకి కెమెరా పట్టుకొచ్చి "ఆ జీన్సు విప్పి పంచె కట్టుకో తమ్ముడూ, ఆ సెల్‌ఫోన్ పక్కన పెట్టమ్మా" అనేవాళ్ళు చేసేది ఇదే గడియారం పని. మన అక్క స్మార్ట్‌ఫోన్ పట్టుకుని తునికాకు కట్ట కడితే ఆదివాసీ కాకుండా పోతుందా?

అందర్నీ ఒకే గాటన కట్టేయడం కూడా న్యాయం కాదు. భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ళ మధ్యనే ఉన్నారు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకాలు రాశాడు, వేల ఫోటోలు తీశాడు. వాటిలో మనుషులు ఇళ్ళ ముందు, చేలల్లో, దండారిలో ఉంటారు. గళ్ళ తెరకీ దీనికీ చాలా తేడా ఉంది. కానీ ఆ ఫోటోలు ఇప్పుడెక్కడున్నాయి? లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో. మన ముత్తవ్వల, ముత్తాతల ముఖాలు మన ఇళ్ళ గోడల మీద లేవు, సముద్రాల అవతల ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కొన్ని చూడొచ్చు. ఆదిలాబాద్, నల్లమల, గోదావరి గుట్టల యువతకి ఒక పని చెబుతాం. ఆ ఫోటోలు వెతికి, ఫోన్లో పెట్టుకుని, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని "ఈమె ఎవరు, ఇది ఏ గట్టు" అని అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇప్పటి సంగతి చూద్దాం. ఇవాళ మన ఫోటోలు ప్రధానంగా నాలుగు చోట్ల కనబడతాయి.

ఒకటి కార్డుల మీద. ఆధార్, రేషన్, ఓటరు కార్డు. వెనకాల ఖాళీ తెర, సూటిగా చూపు. ఇవి మనకి కావాలి, లేకపోతే బియ్యం రావు. కానీ ఆ ఫోటో చెప్పేది ఒక్కటే, ఈమె ఉంది అని. ఈమె ఇక్కడ ఉంది అని చెప్పదు. మన గొడవంతా ఆ 'ఇక్కడ' గురించే కదా.

రెండు, టూరిస్టుల ఫోటోలు. లోయ ఉంటుంది, మంచు ఉంటుంది, జలపాతం ఉంటుంది, ముందు వరసగా ధింసా ఆడే ఆడవాళ్ళుంటారు. చోటు ఉంది గానీ మనిషి అలంకారమైపోయింది. వాళ్ళ పేర్లు ఎవరూ అడగరు.

మూడు, పేపర్లో వచ్చే కష్టం ఫోటోలు. డోలీలో మోసుకెళ్తున్న గర్భిణి, వాగు దాటుతున్న పిల్లలు, జ్వరాలతో మంచం పట్టిన గూడెం. ఇవి రావాలి, వస్తేనే కొన్నిసార్లు అధికారులు కదులుతారు. ఐతే డోలీలో ఉన్నామె బిడ్డని కన్నాక, ఆ బిడ్డని వీపున కట్టుకుని మళ్ళీ చోడి చేలోకి వెళ్ళిన రోజు ఏ కెమెరా రాదు. కష్టంలో తప్ప కనబడని జనాన్ని చూసి చూసి బయటివాళ్ళు జాలి నేర్చుకుంటారు. హక్కు గుర్తుకు రాదు.

నాలుగోది చెప్పాలంటే నోరు రాదు. ఎదురుకాల్పులని వార్త వచ్చిన రోజు పాలిథిన్ షీటు మీద వరసగా పడుకోబెట్టిన ఫోటో. కొంతమంది మన పిల్లల ముఖం లోకం చూసింది ఆ ఒక్కసారే.

ఈ నాలుగిటికీ అవతల ఐదో ఫోటో ఒకటి కావాలి. మనిషి తన చోట నిలబడి, తనకి ఇష్టమై, మన కళ్ళలోకి చూస్తున్న ఫోటో. ఇది ఎంత పని చేయగలదో బ్రెజిల్‌లో ఒక ఉదాహరణ ఉంది.

క్లాడియా ఆండుహార్ 1931లో స్విట్జర్లాండ్‌లో పుట్టింది. నాన్న యూదుడు. ఆయన్ని, ఆయన తరఫు బంధువులందర్నీ నాజీలు శిబిరాల్లో చంపేశారు. ఆమె బ్రెజిల్ చేరి ఫోటోగ్రాఫర్ అయ్యింది. 1971లో అమెజాన్ అడవిలో యానోమామి ఆదివాసుల దగ్గరికి మొదటిసారి వెళ్ళి, తర్వాత వాళ్ళ ఉమ్మడి ఇళ్ళలోనే నెలల తరబడి ఉండిపోయింది. ఆ ఇళ్ళలోకి పడే వెలుతురు, పొగ, ఊయల మంచాలు, వాటి మధ్య మనుషులు, ఇలా తీసింది. ఇంతలో మిలిటరీ ప్రభుత్వం అడవిలోంచి హైవే వేసింది. రోడ్డుతో పాటు తట్టు వచ్చింది, ఊళ్ళకి ఊళ్ళు పోయాయి. 1977లో ప్రభుత్వం ఆమెని అక్కడి నుంచి వెళ్ళగొట్టింది. 1978లో ఆమె, ఇంకొందరు కలిసి యానోమామి భూమి కోసం ఒక కమిటీ పెట్టారు. ఆ పోరాటంలో యానోమామి నాయకుడు దావి కోపెనావా లోకమంతా తిరిగి మాట్లాడాడు, ఆమె ఫోటోలు ఆయన మాటకి తోడు వెళ్ళాయి. 1992లో బ్రెజిల్ ప్రభుత్వం 96 లక్షల హెక్టార్లకు పైగా భూమిని యానోమామి ప్రాంతంగా గుర్తించింది. ఫోటోలు గెలిపించాయని అనం. పోరాడింది జనం. కానీ ఆ జనం ఎవరో, ఎక్కడుంటారో లోకం కళ్ళకి కట్టింది ఆ ఫోటోలే.

అదే క్లాడియా 1980ల మొదట్లో టీకాలేసే డాక్టర్లతో కలిసి తిరిగినప్పుడు ప్రతి మనిషి మెడలో ఒక నంబరు వేసి ఫోటో తీసింది. యానోమామి వాళ్ళు పేర్లు బయటివాళ్ళకి చెప్పరు, అందుకే ఆరోగ్య కార్డుకి నంబరు పెట్టారు. నంబరు అనగానే ఆమెకి తన వాళ్ళు గుర్తొచ్చారు. యూరప్‌లో చావడానికి గుర్తు వేశారు, ఇక్కడ బతకడానికి వేశాం అని ఆమె తర్వాత చెప్పుకుంది. పోర్ట్‌మన్ ఫోటోకీ ఈ ఫోటోకీ పైకి చూస్తే పెద్ద తేడా కనబడకపోవచ్చు. అది ఎవరి కోసం తీశారు, ఎవరి పక్కన నిలబడి తీశారు అన్నదే తేడా.

ఇక మన భూమి దగ్గరికొద్దాం. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసికి ఆ భూమి మీద హక్కుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. 13వ నియమంలో ఏవేవి సాక్ష్యాలో రాసి ఉంది, వాటిలో కనీసం రెండు చూపించాలి. ప్రభుత్వ కాగితాలు మాత్రమే సాక్ష్యం అనుకోకండి. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, వేసిన గట్లు, పాత బావులు, శ్మశానాలు, దేవుళ్ళ చోట్లు, పెద్దవాళ్ళు చెప్పి రాయించిన వాంగ్మూలం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

మరి ఆఫీసులో ఏం జరుగుతోంది? శాటిలైట్ ఫోటో తెరిచి "ఇక్కడ సాగు కనబడలేదు" అంటారు. 2012లో సవరించిన నియమాల్లో శాటిలైట్ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటి బదులు కాదని స్పష్టంగా ఉంది. ఐనా దాన్నే పట్టుకుంటారు. 2019 ఫిబ్రవరి 13న తిరస్కరించిన క్లెయిముల వాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చినప్పుడు దేశమంతా లక్షల కుటుంబాల గుండెలు ఆగినంత పనైంది. ఆ నెల 28న కోర్టే దాన్ని నిలిపేసింది. ఆ పదిహేను రోజుల భయం మనమెవరం మర్చిపోలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. శాటిలైట్ ఫోటోలో నేల ఉంటుంది, మనిషి ఉండదు. కార్డు ఫోటోలో మనిషి ఉంటుంది, నేల ఉండదు. సర్కారు దగ్గర ఈ రెండే ఉన్నాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టినా మన బతుకు కనబడదు. తాత తవ్విన బావి గట్టు మీద చెయ్యేసి నిలబడిన అవ్వ ఫోటోలో మాత్రం రెండూ ఒక్కచోట ఉంటాయి. దాని కింద ఆమె చెప్పిన వాంగ్మూలం రాసి జత చేయండి. ఒక్క ఫోటోతో పట్టా వచ్చేయదు, ఆ ఆశ ఎవరికీ పెట్టకండి. కానీ ఫైల్లో 'ఆక్రమణదారు' అని రాసే చెయ్యి ఆ ఫోటో చూశాక ఒక్క క్షణమైనా ఆగాలి.

ఒడిశాలో నియమగిరి కథ మీకు తెలుసు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వాలా వద్దా గ్రామసభలే తేల్చాలని చెప్పింది. 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. డోంగ్రియా కొంధులు కొండని తీసేసి మమ్మల్ని వేరేగా చూడొద్దన్నారు. కొండ మా దేవుడు, మా ఇల్లు, మా మందులషాపు అన్నీ అదే అన్నారు. మంచి ఎన్విరాన్‌మెంటల్ పోర్ట్రెయిట్ చెప్పేది కూడా ఇదే మాట, నోటితో కాకుండా.

గోదావరి ఒడ్డున దేవీపట్నం, వీఆర్ పురం, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల వాళ్ళకి ఇది మరీ తొందర పని. పోలవరం కింద కొన్ని ఊళ్ళు ఇప్పటికే మునిగాయి, ఇంకొన్ని మునగబోతున్నాయి. కాలనీకి వెళ్ళాక వరసగా ఒకేలాంటి ఇళ్ళు, గోడ మీద నంబరు. పాత ఊళ్ళో పంచాయితీ ఏ చెట్టు కింద జరిగేదో, భూమి పండగకి ఎక్కడ కొలిచేవాళ్ళో, తాటిచెట్లు ఎవరివి ఎటుండేవో రేపు పిల్లలకి ఎలా చూపిస్తాం? ఊరు ఖాళీ అయ్యాక తీస్తే అది శిథిలాల ఫోటో. మనుషులు ఉండగానే, వాళ్ళ వాకిట్లోనే తీయాలి. ఏం పోయిందో తెలిస్తేనే కదా ఎంత ఇవ్వాలో అడగ్గలం.

ఎలా తీయాలి? కెమెరా కొనక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ముందు కూర్చోండి. అవ్వ దగ్గరికెళ్ళి నిలబడి టకీమని తీసి వచ్చేయకండి. ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెడతారో చెప్పండి. "ఎక్కడ తీయమంటావు అవ్వా?" అని ఆమెనే అడగండి. మీరు అందంగా ఉందనుకున్న చోటు కాకుండా ఆమె పశువుల పాక దగ్గరికో, కొడుకు సమాధి దగ్గరికో తీసుకెళ్ళొచ్చు. అక్కడే తీయండి. చీర మార్చుకుంటానంటే ఆగండి, మార్చుకోనంటే సరే అనండి. ఆమె ఎలా కనబడాలో ఆమె ఇష్టం.

పోర్ట్రెయిట్ మోడ్ తీసేయండి. ఫోన్ మామూలు కెమెరా వెడల్పుగా చూస్తుంది, ముఖానికి మరీ దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరగండి, మనిషితో పాటు చోటు కూడా వస్తుంది. వెనకాల అన్నీ ఇరికించొద్దు. ఆమె బతుకు చెప్పే వస్తువు ఒకటో రెండో చాలు. విత్తనాల బుట్ట, నాగలి, బడికెళ్ళే మనవరాలి సైకిలు, ఏదైనా. చేతులు ఫ్రేములో ఉండేట్టు చూడండి, పని చేసిన చేతులు చాలా చెబుతాయి. ఆమె నేల మీద కూర్చుంటే మీరూ కూర్చోండి. పైనుంచి కిందికి తీస్తే ఎంత పెద్ద మనిషైనా చిన్నగా కనబడుతుంది. మనల్ని అలా పైనుంచి చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, మనకెందుకు ఆ చూపు?

వెలుతురు సంగతి. మిట్టమధ్యాహ్నం తీస్తే కళ్ళ కింద నల్ల నీడలు పడతాయి. పొద్దున్నే, లేదా పొద్దు వాలేటప్పుడు తీయండి. ఇంట్లో ఐతే గుమ్మం దగ్గర పడే వెలుగు చాలా బాగుంటుంది. వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే ఫోన్ దాన్ని చూసి మోసపోయి మన ముఖాన్ని నల్లగా ముద్ద చేసేస్తుంది. తెర మీద ముఖం దగ్గర వేలితో నొక్కి, వెలుగు కొంచెం పెంచండి.

బ్యూటీ మోడ్ ఉంటే తప్పకుండా ఆపేయండి. చాలా ఫోన్లు అడక్కుండానే రంగు తెల్లగా చేసేస్తాయి, ముడతలు తుడిచేస్తాయి. ఈ పక్షపాతం కొత్తది కాదు. ఒకప్పుడు కొడాక్ కంపెనీ ఫిల్ము రంగులు సరిచూసుకోడానికి తెల్ల అమ్మాయి ఫోటో ఉన్న కార్డుని కొలతగా పెట్టుకుంది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ కొలతకి నల్ల ముఖాలు వివరం లేకుండా ముద్దగా వచ్చేవి. మార్పు రావడానికి కారణాల్లో ఒకటి చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాను కంపెనీలు తమ గోధుమ రంగులు సరిగా రావట్లేదని ఫిర్యాదు చేయడం. మనుషుల కంటే ముందు చాక్లెట్ మాట విన్నారు. కాబట్టి మన రంగు మన రంగులా రావడం చిన్న విషయం కాదు.

తీశాక వెంటనే చూపించండి. వద్దంటే ఆమె ముందే డిలీట్ చేయండి. పేరు రాయాలా వద్దా అడగండి, రాయమంటే ఇంటిపేరుతో, ఊరి పేరుతో, ఆమె చెప్పిన మాటతో రాయండి. ఆమె భాషలోనే చెప్పనివ్వండి, గోండి, కోయ, కొలామి, కువి, సవర, ఏదైనా తెలుగు లిపిలో రాసుకోవచ్చు. ఆ తర్వాత ప్రింటు తీయించి తెచ్చి చేతిలో పెట్టండి. సంతకెళ్ళిన రోజు మండల కేంద్రంలో చేయించొచ్చు, పెద్ద ఖర్చు కాదు. మనల్ని ఫోటో తీసినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చి ఆ ఫోటో ఇచ్చారు? మనం ఇద్దాం.

అసలు ఫైలు జాగ్రత్త. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటో లోపలే తేదీ, చోటు రికార్డవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. సాక్ష్యానికి పనికొచ్చే ఫోటోల ఒరిజినల్స్ రెండు చోట్ల దాచుకోండి.

ఇదే కత్తికి రెండో పక్క కూడా పదునుంది. ఫారెస్టు వాళ్ళతో గొడవలు నడుస్తున్న చోట, కేసులున్న చోట, పోడులో ఉన్న మనిషి ఫోటో లొకేషన్‌తో సహా ఫేస్‌బుక్‌లో పెడితే అది వాళ్ళ చేతికి మనమిచ్చిన కాగితం అవుతుంది. ముందు గ్రామసభలో, తెలిసిన వకీలుతో మాట్లాడాకే. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల మాట లేకుండా వద్దు. దేవుళ్ళ చోట్లు, పెర్సాపేన్ కొలుపులు, చావు క్రతువులు పటేల్, కటోడా ఒప్పుకుంటే తప్ప తీయొద్దు. కనబడకుండా ఉండే హక్కు కూడా కనబడే హక్కులో భాగమే. అండమాన్‌లో జరావాల ఆడపిల్లల్ని తిండి ఆశ చూపి ఆడించి తీసిన వీడియో 2012లో బయటపడి లోకమంతా ఛీ కొట్టింది. వాళ్ళని ఫోటో తీయడం అక్కడ చట్టప్రకారం నేరం. తీయకపోవడమే గౌరవమైన సందర్భాలుంటాయి.

"ఫోటోలు తీస్తే రోడ్డొస్తుందా, టీచరొస్తాడా?" అని ఎవరైనా అడిగితే కోప్పడకండి, సరైన ప్రశ్నే. ఒక్క ఫోటోతో ఏదీ రాదు. ధర్నా చేయాలి, అర్జీ పెట్టాలి, గ్రామసభ తీర్మానం రాయాలి. కానీ వాళ్ళ కాగితాల్లో మనం 'లబ్ధిదారులు', 'నిర్వాసితులు', 'ఆక్రమణదారులు' మాత్రమే. ఆ మాటల్లో ముఖం లేదు, ఊరు లేదు. ముఖం లేని మనిషిని కదిలించడం తేలిక, ఎక్కడికైనా తోసేయొచ్చు. బావి, చెట్టు, చేను, సమాధి వెనకాల నిలబడి ఉన్న మనిషిని కదిలించాలంటే వాటన్నిటికీ జవాబు చెప్పాలి.

అందుకే ఈ పేజీ చదివే ప్రతి తమ్ముడికీ, చెల్లికీ ఒక మాట. ఈ ఎండాకాలం లోపు మీ గూడెంలో ముగ్గురిని తీయండి. ఒక పెద్దమనిషి, ఒక రైతు అక్క, మీ ఈడు వాళ్ళు ఒకరు. పేరు, ఊరు, వాళ్ళ మాట రాయండి. ప్రింట్లు తీయించి తర్వాతి గ్రామసభ రోజు బడి గోడకో, రచ్చబండ దగ్గరో తాడు కట్టి వేలాడదీయండి. ఊరంతా వచ్చి చూసుకుంటుంది, నవ్వుకుంటుంది, "ఇది మా నాన్న వేసిన గట్టు" అని గొడవ కూడా పడుతుంది. పడనివ్వండి. ఆ గొడవలోనే మన చరిత్ర ఉంది, దాన్నీ రాసుకోండి. ఆ రోజు సభకి వచ్చిన ఆఫీసరు కూడా ఆ గోడ దాటుకునే లోపలికి రావాలి.

ముఖం బాగా రావాలి. దాని వెనకాల ఉన్నది కూడా అంతే బాగా రావాలి. అదే మన అడ్రసు.

జల్, జంగల్, జమీన్!
జై ఆదివాసీ!